దేవుడి గుప్పిలి

పోయిన వారం కథలో దార్‌లుంగ్ ఊరి కోడలు జైరెమిని నీళ్ళ దారిలో నిలబెట్టి వచ్చేశాం. వీపున నీళ్ళ డబ్బాల బుట్ట, చెవిలో పక్క ఊరి మాస్టారు అన్న మాట. ఆయన ఎగతాళికి అనలేదు, మెచ్చుకుంటూనే అన్నాడు. "మీ దార్‌లుంగ్ వాళ్ళకేమమ్మా, ఈ కరువులో కూడా మీ ఊరి కానుక బియ్యం తగ్గలేదట, పైగా పెరిగాయట. అందుకే పెద్ద ఊరి చర్చి సంఘం వాళ్ళు సాయం బియ్యం పంచేటప్పుడు మీ ఊరి పేరు పక్కన పెట్టేశారు" అని.

వెదురు పూస్తే ఏమవుతుందో ఈ కొండల్లో పుట్టిన పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గింజ రాలుతుంది, గింజ తిని ఎలుకలు పెరుగుతాయి, గింజ అయిపోయాక ఎలుకలు చేల మీద పడతాయి. ఈ ఏడాది పడ్డాయి. కోతకొచ్చిన కొండచేను పొద్దుట చూస్తే ఒట్టి గడ్డి. అప్పటినుంచీ దార్‌లుంగ్‌లో పొయ్యి మీద ఉడికేది అడవి దుంప. బియ్యం అనేవి గంజి చిక్కబడడానికి వేసుకునే వస్తువయ్యాయి.

అయినా గుప్పిలి ఆగలేదు. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా కడగడానికి ముందే ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కన చిన్న కుండలో వెయ్యడం ఇక్కడి ఆడవాళ్ళకి చిన్నప్పటినుంచీ అలవాటు. అది దేవుడి గుప్పిలి. వారానికోసారి స్త్రీల సమాజం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఆ కుండలు బుట్టలోకి వంచుకుంటారు. బడులు, బోధకుల జీతాలు, దిక్కులేని వాళ్ళ తిండి అన్నీ ఆ బుట్టల మీద నడిచినవే. అది ఈ కొండల ఆడవాళ్ళ గొప్ప. ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

కానీ పస్తులున్న ఊళ్లో కానుక పెరగడం ఏమిటన్నది జైరెమికి అంతుపట్టలేదు. తన ఇంటి సంగతి మాత్రం తెలుసు. అత్త దార్‌కుంగి చెయ్యి కుండలోకి వెళ్ళేటప్పుడు ముందుకన్నా పెద్దదవుతోంది. ఆ ముసలమ్మే స్త్రీల సమాజానికి పెద్ద. దార్‌లుంగ్ ఎలా ఉందని పైవాళ్ళు ఎప్పుడు అడిగినా సంఘపెద్ద రాల్లియానా వచ్చి ఆమెనే అడుగుతాడు. ఆమె ఎప్పుడూ ఒకే జవాబు చెప్పి పంపుతుంది. ప్రభువు దయవల్ల అందరం క్షేమం.

ఈ సోమవారం తెల్లవారుజామునా అదే జవాబు బయల్దేరింది. జైరెమి మొగుడు థంజామా, ఎదురింటి హ్రాంగా కలిసి కానుక బియ్యం బుట్టలు వీపున వేసుకుని, పట్టీలు నొసట బిగించుకుని లోయ దారిన పెద్ద ఊరికి వెళ్ళారు. సాయం బియ్యంలో మిగిలిన వంతులు ఏ ఊళ్లకో రేపు పొద్దున అక్కడ తేలుస్తారట. ఇది దాటితే మళ్ళీ వానలు వెనకబట్టేదాకా లారీ రాదు. గడప దగ్గర తల్లి కొడుకుతో చెప్పిన మాట జైరెమి పొయ్యి దగ్గరనుంచే విన్నది. "అడిగితే క్షేమమని చెప్పు." థంజామా పెళ్లాం వైపు ఒకసారి చూశాడు. తల్లి మాటకి ఎదురుచెప్పే మనిషి కాదు. తల ఊపి వెళ్ళిపోయాడు.

వాళ్ళు మలుపు తిరిగాక దార్‌కుంగి బియ్యం డబ్బా మూత తీసింది. అడుగున చెయ్యి గీరుకున్న చప్పుడైంది.

"అత్తమ్మా, ఆ గుప్పెడు ఈ పూటకి ఆపు. పిల్లకి గంజి కాస్త చిక్కగా కాస్తాను" అంది జైరెమి.

దార్‌కుంగికి కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి సగం పనిచేస్తుంది. అవసరం లేదనుకున్నప్పుడు ఆ సగం కూడా పనిచెయ్యదు. ఆమె గుప్పెడు తీసి, చిన్న కుండలో వేసి, మూత పెట్టింది. జైరెమి దగ్గరికొచ్చి గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"దేవుడి వాటా ముందు, మన వాటా తర్వాత. నువ్వీ ఇంటికొచ్చిన మర్నాడే చెప్పానా లేదా?"

"ఆ రోజు డబ్బా నిండా బియ్యం ఉన్నాయి."

"నిండా ఉన్నప్పుడు ఇచ్చేదీ ఒక ఇవ్వడమేనా."

"సరే, ఇవ్వు. నేను వద్దనను. కానీ ఆకలిగా ఉందని చెబితే ఏం పోతుంది? చెప్పకపోబట్టే కదా మన వంతు ఇంకో ఊరికి పోయింది?"

ముసలమ్మ ఈ కొండల అలవాటు ప్రకారం సీసాలోని పొగాకు నీళ్ళు ఒక గుక్క పుక్కిట పట్టింది. తర్వాత బయటికి ఉమ్మి వచ్చి అంది. "దేవుణ్ణి నమ్ముకున్న ఇల్లు పస్తులుందని చాటింపు వేసుకుంటే తలవంపులు ఎవరికి? మనకా, ఆయనకా?"

జైరెమి కూతుర్ని చూపించింది. నాలుగేళ్ల రువాతి జ్వరం నుంచి లేచి పది రోజులైనా గుంజ పట్టుకోకుండా నిలబడలేకపోతోంది. దార్‌కుంగి ఆ కాళ్ళ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది.

"ఇవాళ ప్రార్థన కూడికలో లేచి నేనే చెప్తాను" అంది జైరెమి.

"నా కోడలివై ఉండి, నా ముందే లేచి, మా ఇంట్లో కూడు లేదని చెప్తావు. చెప్పు. చూస్తాను."

ఆ తర్వాత అత్తాకోడళ్ళిద్దరూ ఒకే పొయ్యి దగ్గర మధ్యాహ్నం దాకా మాట లేకుండా మసిలారు. ఒకే గది ఇంట్లో అదెంత కష్టమో కాపురాలు చేసినవాళ్ళకి తెలుస్తుంది. జైరెమికి కోపంకన్నా భయమే ఎక్కువగా ఉంది. అత్త చెడ్డదైతే బాగుండేది, ఎదిరించడం సులువయ్యేది. పురుడొచ్చినప్పుడు కొండ దిగి నర్సుని లాక్కొచ్చింది ఈవిడే. రువాతికి జ్వరం కాసిన రాత్రులన్నీ మోకాళ్ళ మీద ఉన్నదీ ఈవిడే. అలాంటి మనిషిని పదిమందిలో దించడమంటే ఎవరికైనా నోరు రాదు.

కిరసనాయిలు లేక ఈమధ్య సోమవారం సాయంత్రపు కూడికని మధ్యాహ్నమే పెట్టుకుంటున్నారు. ఢోలు మోగింది. ఆడవాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుని, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. బుగ్గలు లోపలికి పోయాయిగానీ జడలు తీరుగా ఉన్నాయి. జైరెమి ఎప్పటిలాగే అత్త ఎడమ పక్కన కూర్చుంది. అది అలిగి మార్చుకునే చోటు కాదు. ఎందుకో చెప్తాను.

ఇక్కడ ప్రార్థన ఒకరు చేస్తుంటే మిగిలినవాళ్ళు వినడం కాదు. పాట అయ్యాక అందరూ కళ్ళు మూసుకుని ఒకేసారి, ఎవరి మొర వాళ్ళు గొంతెత్తి చెప్పుకుంటారు. రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. పక్కమనిషి ఏమడుగుతోందో ఎవరికీ తెలియదు, కనుక మనసులో ఉన్నదంతా నిర్భయంగా చెప్పుకోవచ్చు. కాసేపటికి గొంతులు వాటంతటవే సన్నగిల్లి ఆగిపోతాయి. ఆ ఆగిపోవడం దార్‌కుంగికి వినపడదు. అందుకని అందరూ ఆపగానే కోడలు రెండు వేళ్ళతో ఆమె మోకాలి మీద తడుతుంది. ఆమె ఆమెన్ అంటుంది. చాలా ఏళ్లుగా నడుస్తున్న ఏర్పాటు అది.

పాట అయింది. ఆ గొంతుల వాన మొదలైంది. జైరెమి కళ్ళు మూసుకుందిగానీ ప్రార్థన రాలేదు. ఇది అవగానే లేవాలి, లేచి ఏమనాలి, మొదటి మాట ఏది. ప్రభువా, నాకు నోరివ్వు అని మాత్రం అడిగింది. అంతకుమించి ఏం అడగడానికీ మనసు నిలవలేదు.

గొంతులు ఒక్కొక్కటీ తగ్గాయి. ఆగిపోయాయి. పక్కన అత్త గొంతు ఒక్కటే మిగిలింది. జైరెమి అలవాటుగా రెండు వేళ్ళు చాచింది. మోకాలికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది.

"...వినపడనట్టు ఉన్నాను, కానీ వినపడింది ప్రభువా. పిల్లకి గంజి చిక్కగా కాస్తానంది. అది తప్పు మాటా? నాకే ఆకలేస్తోంది. దుంప తింటే గొంతంతా దురద. నిన్న రువాతి ఖాళీ గిన్నె నాకుతుంటే చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. సమాజానికి పెద్దని, పడుకున్నాను."

బల్లలమీద కళ్ళు తెరుచుకుంటున్నాయి. ముందు వరసలోని జోవి, కానుక బుట్ట మోసే లావుపాటి ఆవిడ, వెనక్కి తిరిగి జైరెమి చేతివైపు చూసింది. తట్టమని కళ్ళతో చెప్పింది. జైరెమి చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"వెనకటి కరువులో మా అమ్మ నీ కుండలో చెయ్యి పెట్టింది, నీకు గుర్తుండే ఉంటుంది. తమ్ముడికి గంజి కాచి పోసింది. వాడు దక్కలేదు. నువ్వు కోపగించావనుకున్నాను. ఎవరితోనూ అనలేదు, ఇన్నేళ్ళూ అదే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు నీ గుప్పిలి తగ్గితే ఈ పిల్లనీ తీసుకుపోతావని భయమేసి, పెంచుకుంటూ పోయాను. అది కానుక ఎలా అవుతుంది ప్రభువా. లంచం. నువ్వు లంచం పుచ్చుకునేవాడివి కావు. పసిబిడ్డ గంజి మీద కోపం పెట్టుకునేవాడివీ కావు. నాకు తెలుసు. తెలిసినా భయం పోవడం లేదు, నువ్వే తియ్యి. క్షేమమని నేనే చెప్పి పంపించాను. అది అబద్ధం. దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు చేతకావడం లేదు. దారి చూపించు. ఈ కోడలు పిల్ల మంచిది. దానిమీద నోరు చేసుకున్నాను."

కాసేపు ఊపిరి తీసుకుని, మోకాలి మీద తట్టు ఇంకా పడలేదేమిటన్నట్టు ఆమె కళ్ళు తెరిచింది. మందిరం అంతా తనవైపే చూస్తోంది. కొందరు ఏడుస్తున్నారు. ముసలమ్మ అందరినీ ఒకసారి చూసి, కోడలి ఒళ్లో చేతుల్ని చూసి, సంగతి అర్థం చేసుకుంది. మెడ ఎర్రబడింది. ఆ వయసులో, ఆ పదవిలో ఉన్న మనిషి లేచి బయటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు.

వెళ్ళలేదు. లేచి నిలబడి, బల్ల అంచు పట్టుకుని, మామూలుగా సమాజం పనులు చెప్పే గొంతుతోనే అంది. "విన్నారుగా. ఇక మళ్ళీ చెప్పే పనిలేదు. మా ఇంట్లో కూడు లేదు."

ఆ మాటతో జోవి లేచింది. ఆవిడ ఏ మాటైనా సగం నవ్వుతూ అంటుంది, ఈసారి నవ్వు సగంలోనే విరిగింది. "నేను ప్రతివారం మీ ఇంటి కుండ వంచుకుని, ఆ బియ్యం చూసి, పెద్దావిడ ఇంతిస్తుంటే నేను తగ్గించడమేమిటని ఇంటికెళ్ళి ఇంకో పిడికెడు కలిపేదాన్ని. మా ఇంట్లో మూడు వారాలనుంచీ మొగుడూ నేనూ వంతులవారీగా తింటున్నాం. ఒళ్ళు చూసి ఎవరూ నమ్మరనుకోండి."

తర్వాత ఒకరి వెంట ఒకరు లేచారు. వెనక వరస వాళ్ళు జోవి కుండ చూసి పెంచారట. వాళ్ళని చూసి పక్కింటి వాళ్ళు. ఒకావిడ విత్తనానికి దాచినది కూడా దంచి పోసిందట. తన ఇంట్లో మాత్రమే విశ్వాసం తక్కువైందని ప్రతి ఇల్లూ సిగ్గుపడి, ఆ సిగ్గు కప్పుకోవడానికి గుప్పిలి పెంచింది. అలా ఊరు ఊరంతా పస్తులుండి బుట్ట బరువు పెంచింది. ఇంత తెలివితక్కువ పని చెయ్యాలంటే ఎంత మంచి మనసులుండాలో ఆలోచించండి. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని ముందు ఏడ్చారు, తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చారు. లేచి చెప్తానంటూ వచ్చిన జైరెమికి లేవవలసిన అవసరమే రాలేదు.

కబురందుకుని సంఘపెద్ద రాల్లియానా పరుగున వచ్చాడు. పాపం ఆయనా మంచివాడే. విన్నది విని బల్లమీద కూలబడ్డాడు. థంజామా వాళ్ళు ఈపాటికి సగం దారిలో ఉంటారనీ, ఆ బరువులతో రాత్రికి దారిలోనే ఆగుతారనీ, వాళ్ళు పెద్ద ఊళ్లో అడుగుపెట్టి దార్‌లుంగ్ క్షేమమని చెబితే రేపటి వంతు కూడా పోయినట్టేననీ చెప్పాడు. ఎవరైనా వెంటపడి ఆపితే బియ్యం కూడా వెనక్కి తెచ్చుకుని ఊళ్లోనే పంచుకోవచ్చన్నాడు.

దార్‌కుంగికి జోవి ఆ మాటలు చెవిలో అరిచి చెప్పింది. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇచ్చిన బియ్యం ఇచ్చినట్టే వెళ్ళనీ. మనకన్నా లేని ఊళ్లున్నాయి. మాట ఒక్కటే వెనక్కి రావాలి."

జైరెమి అప్పుడు లేచింది. తను వెళ్తానంది. అత్త ఆమె పక్కకి వచ్చి నిలబడింది. ఈ కాళ్ళతో నువ్వెక్కడికని రాల్లియానా అంటే, క్షేమమని చెప్పింది తన నోరనీ, దాన్ని తిప్పుకోవలసిందీ ఆ నోరేననీ, కోడలు వెళ్ళి చెబితే అత్తాకోడళ్ళ గొడవ అనుకుంటారనీ అంది. వెనక బల్లమీద నిద్రపోతున్న రువాతిని జోవి చంకనేసుకుంది. ఎవరో ఉడికిన దుంపలు ఆకులో చుట్టి ఇచ్చారు.

పొద్దున వాళ్ళు వెళ్ళాక జల్లు పడి దారి జారుగా ఉంది. దార్‌కుంగి చేతికర్ర పొడుస్తూ ముందు నడిచింది. కొండ మీద పుట్టిన కాళ్ళు ముసలివైనా వాటికి దిగడం గుర్తుంటుంది.

"ఎందుకు తట్టలేదే?" అంది అత్త వెనక్కి తిరక్కుండా.

"తడదామనే చెయ్యి చాచాను అత్తమ్మా. ఆ మాటలు దేవుడొక్కడే వింటే చాలదనిపించింది."

దార్‌కుంగి ఆగి, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, భుజాలు కదిలేలా నవ్వింది. "రాత్రి నీ సంగతి చెప్తాను" అంది. ఆ బెదిరింపు విని జైరెమి గుండె తేలికపడింది. కూడికలో నాకు నోరివ్వు అని అడిగితే దేవుడు అత్త నోరు ఇచ్చాడు. అడిగినది అడిగినట్టు రాకపోయినా వచ్చిందని, ఆయన ఈ కరువులో తమ ఊరు మరిచిపోలేదని, ఆ పిల్లకి చాలారోజుల తర్వాత గట్టిగా అనిపించింది.

వాగు మలుపు దగ్గర దారి లేదు.

మలుపు దాకా వచ్చిన దారి అక్కడ తెగిపోయి, ఎర్రమట్టి లోయలోకి దిగిపోయి ఉంది. మట్టి ఇంకా తడిగా, అక్కడక్కడా జారుతూనే ఉంది. కింద బాగా లోతున ఒక వెదురు పొదలో బుట్ట ఒకటి తలకిందులుగా ఇరుక్కుంది. చుట్టూ మట్టిమీద బియ్యం చల్లినట్టు పడి ఉన్నాయి. బుట్ట పట్టీకి నల్లంచు. ఆ నల్లంచు పోయిన చలికాలం దార్‌కుంగి స్వయంగా అల్లింది, కొడుకు నొసలు ఒరుసుకుపోతోందని.

జైరెమి మొగుణ్ణి పేరుపెట్టి పిలవబోయింది. ప్రార్థన చెయ్యబోయింది, ఆ పెదవులకి ఒక్క మాటా దొరకలేదు. పొద్దుటినుంచీ పోగుచేసుకున్న ధైర్యమంతా ఆ మట్టితోపాటు కిందికి జారిపోయింది. ఆ బురదలోనే కూలబడింది.

దార్‌కుంగి కోడలి పక్కన మోకరించింది. ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క కొడుకు ఆమెకి. కళ్ళు మూసుకుని, తన గొంతెంత పెద్దదో తనకే తెలియని ఆ చెవిటి గొంతుతో మొదలుపెట్టింది. లంచం లేదు ప్రభువా, ఇవాళ ఒట్టి చేతులతోనే వచ్చాం అంది. మా పిల్లల్ని చూడు అంది. లోయ ఇటునుంచి అటు ఆ గొంతుతో నిండిపోయింది. వింటూ వింటూ జైరెమి అత్త కొంగు గుప్పిట్లో పట్టుకుంది. ఆ కొంగు పట్టుకున్నాక ఊపిరి అందింది.

ముసలమ్మ దమ్ము తీసుకోవడానికి ఆగింది.

కింద, వెదురు పొదకి అవతలనుంచి, సన్నగా వినిపించింది. "ఆమెన్."

దార్‌కుంగికి అది వినపడలేదు. జైరెమి చెవులు రిక్కించింది. ఆ గొంతు ఆమెకి తెలుసు, ఎదురింటి గొంతు. హ్రాంగాది. రెండో గొంతు కోసం ఎదురుచూసింది. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు.

కోడలి చెయ్యి తన మోకాలి మీదికి వచ్చేసరికి దార్‌కుంగి కళ్ళు తెరిచింది. అలవాటు కొద్దీ అడిగింది. "ఆపమంటావా?"

జైరెమి అత్త ఎడమ చెవి దగ్గరికి వంగింది.

"ఆపకు అత్తమ్మా. ఇంకా గట్టిగా చెయ్యి. ఇంకో ఆమెన్ రావాలి."